ముల్లు పడుకున్న ట్రాక్టరుతో దమ్ముకి దిగకండి

జూన్‌లో కాలవలకి నీళ్లొదిలేలోపు బళ్లు సిద్ధం చేసుకోవాలన్న తొందర డెల్టా అంతా ఉంది కదా, అందుకే కాబోలు ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత ట్రాక్టర్ల టెంపరేచర్ మీటర్ గురించే. చాలామంది ఒకే మాట రాశారు: "అది పని చెయ్యక ఏళ్లయింది, అయినా బండి నడుస్తూనే ఉంది." ఆ మాట చదివినప్పుడల్లా నాకు టెన్షన్ వస్తుంది. సార్వా (వానాకాలం వరి) దమ్ముల మధ్యలో, అంటే నాట్లకి ముందు చేను బురదగా దున్నే రోజుల్లో, ఇంజన్ పట్టేస్తే ఆ రైతు ఎవరి గుమ్మం తొక్కాలి? అద్దె బండి దొరికేసరికి నారు ముదిరిపోతుంది. కాబట్టి ఈసారి పేజీ మొత్తం ఈ మీటర్‌కే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మా తాతగారి కాలం నాటి మాసీ 1035 ఇప్పటికీ నడుపుతున్నామండి. మీటర్ వెనక నుంచి సన్న రాగి గొట్టం ఒకటి ఇంజన్ హెడ్డు (ఇంజన్ పైభాగం) దాకా వెళ్తుంది, కరెంటు వైరు లేదు. ముల్లు ఎప్పుడూ అడుగునే ఉంటోంది. మెకానిక్కేమో "రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూసుకోండి, మీటర్ ఎందుకు" అంటాడు. షాపులో కొత్తది కొనమంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక రైతు, ఆచంట

జవాబు: ముందు చెయ్యి సంగతి చెప్తాను. 60 డిగ్రీల ఇనుము మీదే మనిషి చెయ్యి నిలవదు. రేడియేటర్ 80లో ఉన్నా 105లో ఉన్నా చెయ్యి చెప్పేది "కాలింది" అన్న ఒక్క మాటే, కానీ ఇంజన్ బతకడమా పోవడమా అన్నది ఆ రెండు అంకెల మధ్యే తేలిపోతుంది. ఆ సలహా పక్కన పెట్టండి.

మీది మెకానికల్ మీటర్. బ్యాటరీతో పని లేదు. హెడ్డులో దిగి ఉండే బల్బులో ఈథర్ లాంటి తొందరగా ఆవిరయ్యే ద్రవం కొంచెం ఉంటుంది. ఈథర్ సుమారు 35 డిగ్రీలకే మరుగుతుంది. ఇంజన్ నీళ్లు వేడెక్కేకొద్దీ ఆ ఆవిరి ఒత్తిడి పెరిగి, సన్న గొట్టం గుండా మీటర్ లోపలికి చేరుతుంది. అక్కడ వంకర తిరిగిన చపటా గొట్టం ఒకటి ఉంటుంది, బోర్డన్ ట్యూబ్ అంటారు, 1849లో యూజీన్ బోర్డన్ అనే ఫ్రెంచి ఆయన పేటెంట్ తీసుకున్నాడు. తీర్థాల్లో అమ్మే కాగితం పీక ఊదితే సర్రున విచ్చుకుంటుంది చూడండి, ఒత్తిడి పెరిగితే ఈ గొట్టం కూడా అలాగే కాస్త విచ్చుకుంటుంది, ఆ కాస్త కదలికే చిన్న మీట ద్వారా ముల్లుని తిప్పుతుంది. అంతే, ఇందులో ఇంకో మాయ లేదు. అందుకే ఇన్నేళ్లు పని చేసింది.

దీనికి ఒకే ఒక్క బలహీనత. బల్బు, గొట్టం, మీటర్ మూడూ కలిపి సీలు చేసిన ఒకే వస్తువు. ఎక్కడైనా వెంట్రుకంత చీలిక వచ్చినా లోపలిది ఎగిరిపోతుంది, ముల్లు పడుకుంటుంది, ఇంట్లో నింపుకునేది కాదు. కాబట్టి ఒక చివర నుంచి వేలితో తడుముకుంటూ ఆ గొట్టం మొత్తం చూడండి. బోనెట్ రేకు దూరే చోట, డీజిల్ ట్యాంకు క్లిప్పు కింద, బల్బు నట్టు దగ్గర, ఈ మూడు చోట్లే ఎక్కువగా తెగుతుంది. పచ్చగా చిలుము పట్టిన మచ్చ కనిపిస్తే అక్కడే అనుమానించండి. సైలెన్సర్ పైపుకి ఆనుకుని గొట్టం నల్లబడి ఉంటే అదీ చెడు గుర్తే.

కంటికి ఏమీ దొరకలేదనుకోండి, మీటర్ చచ్చిందా బతికుందా తేల్చడానికి వేడినీళ్లు చాలు. ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ డ్రెయిన్ ట్యాప్ తిప్పి, హెడ్డు కంటే దిగువకి వచ్చేదాకా నీళ్లు తియ్యండి. బల్బు నట్టు తిప్పేటప్పుడు గొట్టం నట్టుతో పాటు మెలిపడకుండా రెండో చేత్తో పట్టుకోండి, ఏళ్ల తరబడి తుప్పు పట్టి ఉంటుంది కాబట్టి ముందు రోజు రాత్రే కాస్త నూనె వేసి ఉంచితే మంచిది, బలవంతంగా తిప్పితే బాగున్న మీటర్ కూడా ఆ క్షణంలోనే పోతుంది. బయటికి తీసిన బల్బుని తెర్లుతున్న నీళ్ల గిన్నెలో వేలాడదియ్యండి. గిన్నె అడుగుకి తగలకూడదు, తగిలితే నీళ్ల వేడి కాదు, మంట మీదున్న గిన్నె వేడి చూపిస్తుంది. మన డెల్టా ఊళ్లన్నీ ఇంచుమించు సముద్రమట్టానికే ఉన్నాయి, కాబట్టి ఇక్కడ నీళ్లు మరిగేది సరిగ్గా 100 డిగ్రీలకే. ముల్లు 100 దగ్గరకి వచ్చి నిలబడితే మీటర్ మంచిదే, నాలుగైదు డిగ్రీలు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, ఆ తేడా గుర్తు పెట్టుకుని నడుపుకోవచ్చు. కదల్లేదంటే పోయినట్టే. ఇంట్లో జ్వరం చూసే థర్మామీటర్ మాత్రం పోల్చడానికని ఆ నీళ్లలో ముంచకండి, అది 42 డిగ్రీల దాకే, పగిలిపోతుంది.

ఇంకో విషయం, ఇలాంటి మీటర్‌లో కింద అంకెలు ఇరుకుగా, పై అంకెలు దూరం దూరంగా ఉంటాయి. ఆవిరి ఒత్తిడి మొదట నెమ్మదిగా, పైకి పోయేకొద్దీ వేగంగా పెరుగుతుంది కాబట్టి అలా. మనకి కావలసిన 80 నుంచి 100 మధ్య చోటే బాగా విడిగా కనపడుతుంది. నాకు ఈ పాత రకమే ఇష్టం కావడానికి అదొక కారణం.

కొత్తది కొంటే పాత దాన్ని చేత్తో పట్టుకెళ్లండి. బల్బు లావు, నట్టు మర, గొట్టం పొడవు మూడూ కలవాలి. గొట్టం ఎక్కువైతే కొయ్యకండి, కొయ్యడమంటే మీటర్‌ని చంపడమే. మిగిలింది అరచెయ్యంత చుట్టగా చుట్టి ఒక క్లిప్పుతో కట్టండి, ఆ చుట్ట ఇంజన్ అదురుని కూడా తట్టుకుంటుంది.

ప్రశ్న: మా వారు దమ్ము చేస్తుండగా మా పాత బండి ఒక్కసారి ఆవిర్లు కక్కి ఆగిపోయింది. ఆ టైములో ముల్లు సగానికి కూడా లేదంటున్నారు. హెడ్డు విప్పితే దాని కింద సీలుగా ఉండే గాస్కెట్ కాలిపోయింది. మెకానిక్ మీటర్ అబద్ధం చెప్పిందంటాడు. కానీ వేడినీళ్లలో పెట్టి చూస్తే సరిగ్గా చూపిస్తోంది. ఇదెలా సాధ్యం?
– మహిళా రైతు, మొగల్తూరు

జవాబు: అమ్మా, మీటర్ అబద్ధం చెప్పలేదు, మీ మెకానిక్ కూడా కావాలని తప్పు చెప్పలేదు. ఈ ఒక్క సంగతి పాత ట్రాక్టరు ఉన్న ప్రతి ఇంట్లో తెలియాలి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఆ మీటర్ చూపించేది ఇంజన్ వేడి కాదు, బల్బు చుట్టూ ఉన్న నీళ్ల వేడి. బల్బు నీళ్లలో మునిగి ఉన్నంతసేపే దాని మాట నమ్మాలి. ఎక్కడో హోస్ పైపు చిరిగి, లేదా డ్రెయిన్ ట్యాప్ అదురుకి ఊడి, లేదా వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం నుంచి కారి కారి నీళ్లు పోతే, హెడ్డు పైభాగంలో ఉండే బల్బే అందరికన్నా ముందు గాలిలో తేలుతుంది. నీళ్లంత బాగా గాలి వేడిని అందించలేదు. ఇంకేముంది, ఇనుము ఎర్రబడుతున్నా ముల్లు మెల్లగా కిందకి దిగుతుంది. చూసినవాళ్లు "హమ్మయ్య, చల్లబడింది" అనుకుంటారు. మీ బండికి జరిగింది ఇదేనని నాకు గట్టి నమ్మకం.

కాబట్టి ముల్లు పైకి పోవడం ఒక్కటే ప్రమాదం అనుకోవద్దని మీ వారితో చెప్పండి. లోడు తగ్గించలేదు, గేరు మార్చలేదు, చేలోనే ఉన్నారు, అయినా 90లో ఉన్న ముల్లు దానంతటది 60కి జారిందంటే నీళ్లు పోయాయని అర్థం. అప్పుడు వెంటనే ఇంజన్ ఆపెయ్యాలి. అదే నీళ్లున్నాయి, ముల్లు మాత్రం 100 దాటుతోంది అన్నప్పుడు చెయ్యాల్సింది వేరు: రోటవేటర్ ఎత్తి, లోడు తీసేసి, మామూలు ఐడిల్ కంటే కొంచెం ఎక్కువ స్పీడులో నాలుగైదు నిమిషాలు ఇంజన్ ఆడనివ్వాలి, ఫ్యాను, పంపు తిరుగుతూ వేడిని బయటికి లాగుతాయి. అప్పుడు టక్కున ఆపేస్తే పంపు ఆగిపోయి హెడ్డులో ఉన్న నీళ్లు అక్కడికక్కడే మరుగుతాయి.

ఇక ఏ పరిస్థితిలోనైనా సరే, వేడి మీద రేడియేటర్ మూత తియ్యొద్దు. మరుగుతున్న నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి, జన్మంతా మచ్చలు మిగిలిపోతాయి. పక్కనే కాలవ ఉంది కదా అని బకెట్‌తో ముంచి పొయ్యడం అంతకన్నా పెద్ద పొరపాటు, కాలిన పోత ఇనుము మీద చల్లని నీళ్లు పడితే హెడ్డు పగులుతుంది, గాస్కెట్‌తో పొయ్యేది కాస్తా హెడ్డు దాకా వెళ్తుంది. రేడియేటర్ పై భాగం మీద చెయ్యి హాయిగా నిలిచేదాకా ఆగండి. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచి కొంచెం కొంచెంగా పొయ్యండి.

కొత్త గాస్కెట్ వేసే ముందే హెడ్డు వంగిందేమో స్కేలు పెట్టి చూపించుకోండి, వంగిన హెడ్డు మీద ఎన్ని కొత్త గాస్కెట్లు వేసినా నిలవవు. బండి బాగయ్యాక ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి చూడండి, నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటే, లేదా ఇంజన్ ఆయిల్ మజ్జిగ రంగుకి తిరిగితే, పని సరిగ్గా కాలేదని అర్థం. మీకు కుదిరితే హెడ్డు బోల్టు కింద బిగించే సెన్సర్, దానికి ఒక బజరు పెట్టించండి. అది నీళ్లని కాదు, ఇనుము వేడిని చూస్తుంది, నీళ్లు పూర్తిగా పోయినా అరుస్తుంది.

ప్రశ్న: మా మీటర్ ముల్లు ఎప్పుడూ 180 దగ్గర ఉంటోంది. నీళ్లు 100కే మరుగుతాయి కదా, మరి ఇది పేలిపోదా? బండి పాత ఇంటర్నేషనల్ బి-275.
– ఉండి నుంచి ఒక పాఠకుడు

జవాబు: కంగారు పడకండి. మీ డయల్ ఫారెన్‌హీట్‌లో ఉంది, ఓ మూల చిన్న ఎఫ్ అక్షరం ఉంటుంది చూడండి. 180 అంటే మన లెక్కలో 82 డిగ్రీలు, ఇంజన్ ఉండాల్సిన చోటే ఉంది. 212 అంటే 100. బి-275 ఇంగ్లండ్ డిజైను, ఇక్కడ 1963లో పెట్టిన ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ వాళ్లు తయారు చేశారు, ఆ కాలం మీటర్లలో ఫారెన్‌హీట్ మామూలే. డయల్ అద్దం మీద 212 దగ్గర ఎర్ర పెయింట్‌తో సన్న గీత గీసుకోండి, బండి ఎవరు నడిపినా అర్థమవుతుంది.

ప్రశ్న: దమ్ముల్లో వేడెక్కుతోందని మెకానిక్ థర్మోస్టాట్ వాల్వు తీసేశాడు. "మన ఎండలకి అది అక్కర్లేదు" అన్నాడు. ఇప్పుడు రోడ్డు మీద ముల్లు 55 దాటదు, పొగ ఎక్కువైంది, డీజిల్ కూడా ఎక్కువ తాగుతోంది. మళ్లీ పెట్టించాలా?
– మండపేట

జవాబు: పెట్టించండి. రేపే.

ఇంజన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌లోకి పోకుండా ఆపేదే ఈ వాల్వు. దీన్ని తీసెయ్యడం మన వైపు బాగా అలవాటైపోయింది, నాకు చాలా బాధగా ఉంటుంది. వేడి తగ్గితే ఇంజన్‌కి మంచిదే కదా అనుకుంటారు. డీజిల్ ఇంజన్ 80 నుంచి 90 డిగ్రీల మధ్య నడవడానికి తయారైంది. 55లో నడిస్తే డీజిల్ పూర్తిగా కాలదు, కాలని డీజిల్ బోరు గోడల మీద ఆయిల్ పొరని కడిగేస్తూ కిందికి దిగి ఇంజన్ ఆయిల్‌ని పల్చబరుస్తుంది, రింగులు, లైనర్లు తొందరగా అరుగుతాయి. మీకు కనపడుతున్న పొగ అదే. వేడెక్కి పోయే ఇంజన్ ఒక్కరోజులో పోతుంది, చల్లగా నడిచే ఇంజన్ రెండు మూడు సీజన్లలో పోతుంది, తేడా అంతే.

పైగా అసలు వేడి సమస్య తీరదు కూడా. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడే బైపాస్ దారి మూసుకుంటుంది. దాన్ని తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజన్‌లోకి పోతుంది. రోడ్డు మీద చల్లగా, దమ్ములో మాత్రం మళ్లీ వేడిగా ఉంటోందంటే ఇదే కారణం కావొచ్చు.

కొత్త వాల్వు కొనేటప్పుడు దాని అంచు మీద కొట్టిన అంకె చూడండి, 82 అన్నది మామూలుగా దొరికేది. బిగించే ముందు దారం కట్టి నీళ్ల గిన్నెలో వేలాడదీసి వేడి చేస్తే 82 దగ్గర కదలడం మొదలుపెట్టి, ఇంకో పది, పన్నెండు డిగ్రీలకి పూర్తిగా తెరుచుకోవాలి. కొత్తదే కదా అని ఈ పరీక్ష మానెయ్యకండి. బిగించాక బండి స్టార్ట్ చేసి ముల్లుని చూడండి, చకచకా 80 దాకా ఎక్కి, అక్కడ కొంచెం తడబడి, తర్వాత నిలబడుతుంది. వాల్వు తెరుచుకున్న క్షణం మీటర్‌లో కనిపిస్తుందన్నమాట.

ప్రశ్న: రోడ్డు మీద ట్రక్కు లాగినా ముల్లు కదలదు, కేజ్ వీల్స్ (బురదలో నడవడానికి వేసే ఇనుప చక్రాలు) వేసి దమ్ముకి దిగిన గంటకే 100కి పోతోంది. మీటర్ పరీక్ష చేయించాం, మంచిదే. మా ఊళ్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, అవే పోస్తున్నాం. దానివల్లనా?
– రాజోలు దగ్గర నుంచి

జవాబు: సగం దానివల్ల, సగం దమ్ము వల్ల.

దమ్ములో బండి మనిషి నడక వేగంతో కదులుతుంది. రోడ్డు మీద వచ్చే ఎదురుగాలి అక్కడ ఉండదు, ఫ్యాను లాగే గాలే దిక్కు. బురదలో చక్రం కూరుకుపోతుంటే ఇంజన్ మాత్రం నిండు లోడు మీద ఉంటుంది. దానికి తోడు కేజ్ వీల్స్ ఎగజిమ్మే బురద రేడియేటర్ మీద పడి ఎండుతుంది, దాళ్వా (రెండో పంట) కోతల నాటి ఊక, గడ్డి నలుసులు రేడియేటర్ రేకుల మధ్య ముందే కూర్చుని ఉంటాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది, ఫ్యాను వైపు నుంచి లైటు వేసి ముందు నుంచి చూడండి, ఎక్కడ వెలుగు రావట్లేదో అక్కడ గాలి కూడా పోవట్లేదు. కడిగేటప్పుడు ఫ్యాను వైపు నుంచి ముందుకి కడగాలి, లోపలికి పోయిన చెత్త వచ్చిన దారినే బయటికి పోతుంది. సర్వీసింగ్ షాపుల్లో కొట్టే ప్రెషర్ గన్ వద్దు, రేకులు వంగి దారి మొత్తం మూసుకుంటుంది. దమ్ము సీజన్లో రోజూ సాయంత్రం మకాంకి రాగానే, ఇంజన్ చల్లారాక, ఈ పని చెయ్యాలి. ఎండిన బురద రెండో రోజు రాదు.

ఫ్యాను బెల్టు చూడండి. మధ్యలో బొటనవేలితో నొక్కితే అరంగుళం, ఇంకాస్త దిగొచ్చు, అంతకంటే వదులైతే లోడు మీద జారుతుంది. ఎవరైనా ఫ్యాను విప్పి తిరగేసి బిగించారేమో కూడా చూడండి, అలా బిగిస్తే గాలి బాగా తగ్గిపోతుంది.

మూత కూడా సగం కథ. రేడియేటర్ మూత మీద 7 అని ఉంటే అది ఏడు పౌండ్ల ఒత్తిడి దాకా పట్టి ఉంచుతుంది, ఆ ఒత్తిడిలో నీళ్లు 110 దాటాక గానీ మరగవు. మూతలో రబ్బరు ఎండిపోతే ఆ లాభం మొత్తం పోయి 100కే మరిగి పొర్లిపోతాయి. చిన్న వస్తువు, ముందు దాన్నే మార్చండి.

ఇక ఉప్పు నీళ్లు. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లల్లో ఉప్పు ఇంజన్ లోపలి ఇనుముని తినేస్తుంది, అందులో ఉండే సున్నం వేడి గోడలకి గారలా అంటుకుంటుంది. గార పట్టిన గోడ నుంచి వేడి నీళ్లలోకి సరిగ్గా దిగదు, అంటే ముల్లు చూపించేదానికంటే లోపల ఇనుము ఇంకా వేడిగా ఉంటుంది. కాలవ నీళ్లు ఉప్పగా ఉండవు గానీ ఒండ్రు ఉంటుంది, అది రేడియేటర్ అడుగు గొట్టాల్లో పేరుకుంటుంది. వానాకాలం రెండు మూడు వానలు పడి కప్పు శుభ్రమయ్యాక పట్టుకున్న వాననీళ్లు మంచివి. ఆర్‌ఓ ప్లాంటు నీళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లో దొరుకుతున్నాయి, వాటిలో సగానికి సగం కూలెంట్ కలిపి పొయ్యండి, వట్టి ఆర్‌ఓ నీళ్లయితే తుప్పు ఆపలేవు. కూలెంట్ తియ్యగా ఉండే విషం, డ్రెయిన్ చేసింది పశువుల పాకలో నేల మీద వదిలెయ్యకండి, దూడలు, కుక్కలు నాకితే బతకవు.

ముందుగా ఇప్పుడున్న గార పోవాలి. నిమ్ముప్పు నీళ్లలో కలిపి పోసి, ఇంజన్ వేడెక్కేదాకా ఆడించి, చల్లారాక తీసేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ కడగండి. పాత రేడియేటర్ చిల్లులన్నీ గారే మూసి ఉంచుతుంది ఒక్కోసారి, అది పోగానే కారడం మొదలవుతుంది, కాబట్టి ఈ పని దమ్ముల ముందు రోజు పెట్టుకోవద్దు.

ప్రశ్న: నాది కరెంటు మీటర్. తాళం తిప్పగానే, ఇంజన్ చల్లగా ఉన్నా, ముల్లు నేరుగా ఎర్ర గీతకి వెళ్లిపోతోంది. సెన్సర్ కొత్తది వేశాను, అయినా అంతే.
– ఒక యువ రైతు, తణుకు

జవాబు: తమ్ముడూ, సెన్సర్ కొనే ముందు వైరు చూడాల్సింది. చాలా బళ్లలో ఆ సెన్సర్ వేడెక్కేకొద్దీ కరెంటుని ఎక్కువగా ఎర్త్‌కి వదులుతుంది, ఎంత ఎక్కువ వదిలితే ముల్లు అంత పైకి. ఇప్పుడు సెన్సర్ మీద వైరు ఊడదీసి తాళం తిప్పు. ముల్లు కిందికి దిగిందా, సెన్సర్‌దే లోపం, లేదా నీ మీటర్‌కి సరిపడని సెన్సర్ ఇచ్చారు, మీటరూ సెన్సరూ ఒకే కంపెనీ జతగా ఉండాలి, మర కలిసినంత మాత్రాన అంకెలు కలవవు. దిగలేదా, వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. గడ్డిమేటు పక్కన బండి పెడతారు కదా, ఎలుకలు కొరికిన చోటు వెతుకు.

దీనికి తిరగబడ్డ సమస్య ఉన్నవాళ్లు, అంటే ముల్లు అసలు లేవనివాళ్లు, ఆ వైరు కొసని ఒక్క క్షణం ఇంజన్ ఇనుముకి తాకించి చూడండి. ముల్లు లేస్తే మీటరూ వైరూ మంచివి, సెన్సర్ పోయింది, లేదా దాని మరకి టేపు దట్టంగా చుట్టి ఎర్త్ అందకుండా చేశారు. ఎక్కువసేపు తాకించి ఉంచొద్దు. ఇంకోటి, డీజిల్ మీటరూ వేడి మీటరూ రెండూ కలిసి ఒకేసారి ఎక్కువ చూపిస్తుంటే సెన్సర్ల జోలికి పోకండి, కొన్ని పాత బళ్లలో మీటర్ బోర్డు వెనక రెండింటికీ కలిపి ఒక చిన్న వోల్టేజ్ స్టెబిలైజర్ ఉంటుంది, దాని ఎర్త్ స్క్రూ తుప్పు పట్టి ఉంటుంది.

ప్రశ్న: పాత ఐషర్ కొన్నాను. టెంపరేచర్ మీటర్ లేదు, రేడియేటర్ కూడా లేదు! అమ్మినవాళ్లు పీకేసి మోసం చేశారా?
– రామచంద్రపురం

జవాబు: మోసం కాదండి. ఐషర్ వాళ్లు 1959లో ఫరీదాబాద్‌లో మొదలుపెట్టిన ఆ బళ్లు గాలితో చల్లబడే ఇంజన్లవి, నీళ్లే లేవు. బోరు చుట్టూ రెక్కల్లా ఉండే ఇనుప అంచుల మధ్య గాలి ఆడాలి, అదే దాని రేడియేటర్. ఆ రెక్కల మధ్య బురద, ఆయిల్ జిడ్డు పేరుకోకుండా చూసుకోండి, బ్లోయరు బెల్టు, గాలిని దారి మళ్లించే రేకులు ఊడకుండా ఉండాలి, రేకులు అడ్డమని తీసేసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ బళ్లకి వేడి చూడాలంటే తుపాకీలా గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ బాగా పనికొస్తుంది. మెరిసే లోహం మీద అది తప్పు చూపిస్తుంది, హెడ్డు మీద రూపాయి బిళ్లంత చోట నల్ల మ్యాట్ పెయింట్ వేసి రోజూ అక్కడే గురి పెట్టండి. సిలిండర్ల మధ్య తేడా ఎక్కువగా ఉంటే వేడిగా ఉన్న దాని రెక్కలు ముందు శుభ్రం చెయ్యండి.

ప్రశ్న: మా తాతగారి ఫోర్డ్‌సన్ డెక్స్టా బాగు చేయిస్తున్నాను, పొలం పనికి కాదు, ఇంటి దగ్గర ఉంచుకోవడానికి. మీటర్ డయల్ మీద పాత అక్షరాలు చెక్కుచెదరలేదు, కానీ రాగి గొట్టం మధ్యలో తెగిపోయింది. కొత్త మీటర్ పెడితే ఆ మొహం పోతుంది. దారి ఉందా?
– భీమవరం

జవాబు: ఉంది. డెక్స్టాలు 1957 నుంచి 1964 దాకానే వచ్చాయి, కాబట్టి ఆ డయల్‌ని కాపాడాలన్న మీ పట్టుదల నాకు చాలా నచ్చింది.

పాత మీటర్లు బాగు చేసేవాళ్లు ఇలా చేస్తారు. అదే రకం బల్బు, గొట్టం ఉన్న మరో పని చేసే మీటర్ తీసుకుంటారు. దాని బల్బుని ఉప్పు కలిపిన ఐసులో ముంచి ఉంచితే లోపలి ఈథర్ చల్లబడి ద్రవంగానే ఉండిపోతుంది. అప్పుడు దాని గొట్టాన్ని కోసి, మీ పాత మీటర్ గొట్టం మొదలుకి చిన్న రాగి తొడుగు వేసి సోల్డర్ చేస్తారు. బల్బు ఐసులోంచి తీస్తే ఒత్తిడి మళ్లీ పుడుతుంది, మీ పాత ముల్లు లేస్తుంది. రెండూ ఒకే రకం కాకపోతే అంకెలు కలవవు, కాబట్టి ముందే వేడినీళ్లలో ఆ రెండో మీటర్ చూపే అంకెలు రాసి పెట్టుకోవాలి.

ఇంట్లో ప్రయత్నించొద్దని గట్టిగా చెప్తున్నాను. ఈథర్ ఆవిరి నిప్పు రవ్వ తగిలితే భగ్గున అంటుకుంటుంది. మన ఎండాకాలం 40 డిగ్రీల్లో అది ఐసు లోంచి బయటికొచ్చిన క్షణమే మరుగుతుంది, అదే చోట సోల్డరింగ్ మంట. అలవాటున్న పనివాడి చేత, గాలి ఆడే చోట, చలికాలం పొద్దున్నే చేయించండి.

అంతదాకా బండి ఊరికే స్టార్ట్ చేసి చూసుకోవాలన్నా మీటర్ లేకుండా వద్దు. బల్బు ఉండే రంధ్రంలో సరిపడే మరతో మామూలు మెకానికల్ మీటర్ ఒకటి బిగించి, బోనెట్ లోపలి వైపు క్లిప్పుతో వేలాడదియ్యండి, బయటికి కనపడదు. పాత డయల్ దాని చోట అది ఉంటుంది. దాని అద్దం మసకగా ఉంటే పొడి మెత్తటి గుడ్డతో తుడవండి, అక్షరాల మీద మాత్రం థిన్నర్ గానీ పెట్రోలు గానీ పెట్టకండి, ఆ పెయింట్ తుడిచిన గుడ్డకే వచ్చేస్తుంది.